జియాప్ కాపలా కాసిన పెట్టె

బ్యాంకాక్‌కి ఉత్తరాన ఉన్న ఉత్తరదిత్‌లో రైల్వే గేటుకి ఇవతలి వీధిలో ఎవరింట చావు జరిగినా మొదటి కబురు గుడికి, రెండో కబురు జే లాన్ ప్రెస్సుకి. పోయిన మనిషి ఫోటోలు, చదువు, ఉద్యోగం, బాగా వండే కూరలు, అన్నీ కలిపి చిన్న పుస్తకం వేయించాలి. దహనం రోజున వచ్చిన ప్రతివాళ్ల చేతిలోనూ అది పెట్టాలి. పెట్టకపోతే పోయినవాళ్లకేం కాదు గానీ ఉన్నవాళ్లు వీధిలో తలెత్తుకోలేరు.

ఆ ప్రెస్సులో జియాప్ చేరింది కాగితాలు మడత పెట్టడానికి. పంతొమ్మిదేళ్ల కిందటి మాట. అసలు పేరు రంఫ్యూంగ్. ఆ పేరుతో పిలిచింది బళ్లో హాజరు వేసిన మేష్టరు ఒక్కడే. కోడిపిల్లలా కిచకిచమంటోందని పుట్టిన వారానికే నాయనమ్మ జియాప్ అనేసింది, అదే ఖాయమైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో వీధిలో మూడు కథలున్నాయి. మూడూ విని, మూడూ అబద్ధమని తేల్చుకున్నాకే ఇక్కడ రాయడం మానేయాల్సి వచ్చింది.

ఏడో తరగతి చదివిన ఈ మనిషి నెత్తికి కంప్యూటర్ల గొడవ ఎలా చుట్టుకుందంటే, ఆరేళ్ల కిందట ఒక కంప్యూటర్ చచ్చి, దానితో పాటు సగం పుస్తకం పోయింది. యజమాని, అందరూ సియా అంటారు, బ్యాంకాక్ నుంచి బ్యాకప్ పెట్టె ఒకటి తెప్పించాడు. దాన్ని బిగించినవాడు మధ్యాహ్నం పన్నెండింటికి "ఇది చూసుకునేదెవరు?" అని అడిగాడు. మిగతా అందరూ ఎదురుగా నూడుల్స్ కొట్టుకి పోయారు. జియాప్ ఒక్కతే తన బల్ల దగ్గర కూర్చుని, వెదురు బుట్టలోంచి జిగురన్నం ముద్దలు చేసుకుని తింటోంది. చేయి కడుక్కుని రమ్మని ఆవిడకే నేర్పిపోయాడు.

పని పెద్దదేం కాదు. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ ఆ పెట్టెలోని సాఫ్ట్‌వేర్ ఏడు కంప్యూటర్లనీ పేరు పెట్టి పిలుస్తుంది. పలికినదాని దగ్గరికి వెళ్లి ఆ రోజు కొత్తగా చేసినదంతా కాపీ తెచ్చి తనలో దాచుకుంటుంది. రాత్రిళ్లు చేయించడానికి లేదు. సాయంత్రం ఆరయ్యేసరికి సియా భార్య జే లాన్, జే అంటే పెద్దక్క, నిప్పు పుడుతుందన్న భయంతో మెయిన్ స్విచ్ దించేస్తుంది. పలికిన కంప్యూటర్ పక్కన పచ్చ టిక్కు పడుతుంది. పలకనిదాని పేరు ఎర్రగా మారిపోతుంది. జియాప్ ఆ తెర ముందే కూర్చుని అన్నం తినేది. ఏడు పచ్చ టిక్కులూ పడేదాకా చేయి కడిగేది కాదు.

"ఆ పెట్టె నీ మొగుడా, ఎదురుగా కూర్చోబెట్టుకుని తింటావు?" అనేవాడు చాట్. చాట్ అంటే జే లాన్ తమ్ముడు, పుస్తకాలకి పేజీలు కట్టేవాడు. పని బాగా వచ్చు, నోరు ఇంకా బాగా వచ్చు.

"మొగుడైతే ఇంత నమ్మకంగా పన్నెండింటికి ఇంట్లో ఉంటాడా?" అనేది జియాప్.

ఆ యేడు వానలు మొదలయ్యేటప్పటికి ప్రెస్సుకి శని పట్టింది. అచ్చు యంత్రం రోలర్లు రెండు విరిగాయి. సియా మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. జే లాన్ నది అవతల గుడిలో పెద్ద స్వామి దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ అప్పటికే రెండుసార్లు పేరు మార్చుకుంది, వీధి మాత్రం జే లాన్ అనే పిలిచేది. ఈసారి తన పేరు, మొగుడి పేరు, ప్రెస్సు బోర్డు మీది పేరు, అన్నీ మార్పించింది. వదిలేసిందా? కంప్యూటర్లకి కూడా మంచి పేర్లు రాయించుకొచ్చింది. మంగళం, జయం, లాభం, ఇలా ఏడు. స్వామి స్వయంగా వచ్చి ఏడు కంప్యూటర్ల నెత్తినా బొటనవేలితో తెల్ల గంధం బొట్లు మూడేసి పెట్టాడు. జియాప్ ఒక్కో దాని ముందు కూర్చుని పాత పేరు తీసి కొత్త పేరు కొట్టింది. పెట్టెలో జాబితాలోనూ కొత్త పేర్లే ఎక్కించింది.

మర్నాడు మధ్యాహ్నం పెట్టె "మంగళం" అని పిలిచింది. పలకలేదు. "జయం" అంది, అదీ పలకలేదు. ఒక్కో కంప్యూటర్లోనూ పెట్టె పిలుపు వినే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దాని బుర్రలో ఇంకా పాత పేరే ఉంది. దాన్ని తీసేసి కొత్త పేరుతో మళ్లీ పెట్టాలి, ఏడింటికీ కలిపి ఒక పూట పని. జియాప్ ఆ పనికి లేవబోయేలోపే జే లాన్ వచ్చి తెర చూసింది. ఏడు పేర్లూ ఎర్ర అక్షరాల్లో ఉన్నాయి.

ఆ దేశంలో బతికున్నవాళ్ల పేరు ఎర్ర సిరాతో ఎవరూ రాయరు. ఎర్రగా రాసేది శవపేటిక మీద.

"చంపుతావా మమ్మల్ని?" అని గుండెలు బాదుకుంది జే లాన్. "స్వామి నోటితో ఇచ్చిన పేర్లే! తియ్యి! ఇప్పుడే తియ్యి!"

"ఒక్క పూట ఆగండి జే, సరి చేస్తే పచ్చగా..."

"మళ్లీ ఎర్రబడితే? నీ తల మీద వేసుకుంటావా? స్వామి వచ్చి నీళ్లు చల్లేదాకా ఆ పేర్లు ఆ పెట్టెలో ఎక్కించడానికి వీల్లేదు."

స్వామి రావాలంటే వానాకాలం దీక్ష ముగియాలి. ఆ మూడు నెలలూ సన్యాసులు గుడి దాటి ప్రయాణాలు చేయరు. ఆ దీక్ష ఆ పొద్దుటే మొదలైంది.

జియాప్ ఏడు పేర్లూ జాబితాలోంచి తీసేసింది. మర్నాడు పన్నెండింటికి పెట్టె పిలవడానికి చూస్తే జాబితాలో ఎవరూ లేరు. పిలవాల్సినవాళ్లే లేకపోతే తప్పు ఎక్కడుంటుంది? "లోపాలేమీ లేవు" అని పెద్ద పచ్చ టిక్కు వేసింది. జే లాన్ చూసి మురిసిపోయింది. "చూశావా, పేర్లు తీయగానే ఎలా కుదుటపడిందో!"

జియాప్ రెండుసార్లు మళ్లీ అడిగింది. రెండోసారి జే లాన్ జవాబు కూడా చెప్పలేదు, చూసింది అంతే. ఆ తర్వాత అడగలేదు. పెద్దవాళ్లని మూడోసారి అడిగి ఇబ్బంది పెట్టడం అక్కడ తప్పు కింద లెక్క. ఆ మర్యాద ఎంతమందిని ముంచిందో రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది. రెండు శుక్రవారాలు తనే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసింది. అది నిండింది. ఇంకోటి అడగాలంటే కారణం చెప్పాలి. మానేసింది. ఆ పచ్చ టిక్కు ముందే కూర్చుని రోజూ అన్నం తింది. ఆవిడ తప్పేదైనా ఉంటే ఇక్కడుంది. ఇంకోటి దీని తర్వాత వస్తోంది.

ఆగస్టులో సాయ్‌సునీ పంతులమ్మ కూతురు పోయింది. ముప్ఫై నిండలేదు, ఆస్పత్రిలో నర్సు. స్కూటర్ మీద డ్యూటీకి వెళ్తుంటే చెరుకు లారీ కొట్టింది. ఫోనూ ఫోన్లో బొమ్మలూ మనిషితో పాటే నుజ్జయ్యాయి. ముఖం చూడొద్దని తల్లికి ఎవరూ చెప్పలేదు గానీ చూడనివ్వలేదు. యాభయ్యో రోజున దహనం పెట్టుకున్నారు. అంతదాకా శవపేటిక గుడిలోనే. మొదటి వారం సన్యాసులు మంత్రాలు చదువుతుండగానే పంతులమ్మ ఒక ఆల్బం పట్టుకుని ప్రెస్సుకి వచ్చింది. కూతురి చిన్నప్పటి ఫోటోలు, నలభై మూడు. ఇంకెక్కడా కాపీ లేదు.

చాట్ రెండు రోజుల్లో అన్నీ స్కాన్ చేసి తన కంప్యూటర్లో పెట్టుకున్నాడు. ఆల్బం తిరిగి ఇచ్చింది జియాపే.

"అమ్మాయ్," అంది పంతులమ్మ, "రేపు పేటిక మూత బిగిస్తారు. ఈ ఆల్బం దానికి ప్రాణం. గుండెల మీద పెట్టి పంపేద్దామనుంది. మీ దగ్గర ఉన్నాయిగా? పోవుగా?"

జియాప్ వెనక గదిలోని పెట్టెని చూపించింది. ఆరేళ్లుగా వచ్చినవాళ్లందరికీ అలాగే చూపిస్తోంది. "నిశ్చింతగా పంపండి పంతులమ్మ గారూ. మా పెట్టెలో పడ్డది పోదు."

అలవాటుగా వచ్చేసిన మాట. అన్నాక గుర్తొచ్చింది, పెట్టెలో ఏమీ పడలేదని. అప్పటికి పంతులమ్మ రెండు చేతులూ జోడించి గుమ్మం దిగిపోయింది. జియాప్ వెనక్కి పిలవలేదు.

దహనం శనివారం. ఆ వారం సోమవారం పొద్దున చాట్ కంప్యూటర్ మంగళం లోపల్నుంచి గోరుతో గీకినట్టు టకటకమంది. తర్వాత ఆ చప్పుడు కూడా లేదు. హార్డ్ డిస్క్ పోయింది. పుస్తకం దాన్లోనే ఉంది.

జే లాన్ జియాప్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "పెట్టెలోంచి తీసివ్వు."

"పెట్టెలో లేదు జే."

"లేకపోవడమేమిటి? రోజూ పచ్చగా ఉంటోందిగా?"

జియాప్ ఉన్నదున్నట్టు చెప్పింది. జే లాన్ అంతా విని, అందరి ముందూ నవ్వింది. "విన్నారా? ఆవిడ పని ఆవిడ చేయకపోతే తప్పు నాదట. నేను పేర్లు తియ్యమన్నాను. కాపీలు తియ్యొద్దన్నానా? శనివారానికి పుస్తకం ఉంటే నువ్వుంటావు. లేకపోతే నీ చెప్పులు సర్దుకో."

నలభై ఆరేళ్ల మనిషి, ఇంట్లో మంచాన పడ్డ తల్లి. ఉత్తరదిత్‌లో ఆవిడని ఇంకెవరు పెట్టుకుంటారు?

సోమవారం, మంగళవారం జియాప్ కుర్చీ కుర్చీ తిరిగింది. ఒక్కో కంప్యూటర్ తెరిచి నలభై మూడు ఫోటోల్లో ఒక్కటైనా ఎవరికైనా పంపారేమో వెతికింది. దిద్దుబాటు బల్ల మీద పాత నకలు దొరికింది గానీ అందులో ఫోటోల చోట బూడిదరంగు చతురస్రాలున్నాయి. ఒకటీ, రెండూ, మూడూ అని అంకెలు. చాట్‌ని నాలుగుసార్లు అడిగింది.

"చాట్, నీ పెన్‌డ్రైవ్‌లో గానీ, ఇంట్లో గానీ..."

"నా ఇంట్లో ఎందుకుంటుంది అక్కా? మనకి పెట్టె ఉందిగా!" అన్నాడు చాట్. "దాని ముందు అగరొత్తి వెలిగించి అడుగు. ఇన్నేళ్లు కాపరం చేశావు, నీ మాట వినదా?"

గదంతా నవ్వింది.

బుధవారం పొద్దున జే లాన్ తనే దారి చెప్పింది. "ఆల్బం పేటికలో ఉంది. పేటిక గుడిలో ఉంది. వెళ్లి అడుగు."

"జే... మూత తియ్యమని తల్లిని ఎలా అడగను?"

"పంపెయ్యమని ఎలా చెప్పావో, అలాగే."

పంతులమ్మ ఇంట్లో దహనానికి వచ్చేవాళ్ల కోసం కాగితం పూలు కడుతోంది. జియాప్ మోకాళ్ల మీద కూర్చుని చెప్పింది. పంతులమ్మ అరవలేదు, ఏడవలేదు. చేతిలో పువ్వు కట్టడం పూర్తి చేసింది. "ఎన్ని రోజులైంది?" అంది తనలో తనే. "నలభై ఏడు." లేచి గొడుగు తీసుకుంది.

గుడిలో కాటికాపరి వద్దన్నాడు. "అమ్మా, నేను తీసిస్తాను, మీరు బయటుండండి. మందులు పెట్టినా ఇన్ని రోజుల తర్వాత మనిషి మనిషిలా ఉండదు."

"నా పిల్ల గుండెల మీద నీ చెయ్యి పెట్టనిస్తానా?" అంది పంతులమ్మ.

మూత తీశారు. జియాప్ గుమ్మం దగ్గర గోడకి ముఖం పెట్టి నిలబడింది. పంతులమ్మ బయటికొచ్చి, గుడ్డలో చుట్టినది జియాప్ చేతుల్లో పెట్టింది. అది బరువుగా, తడిగా ఉంది. కింద పెట్టి విప్పితే పేజీ పేజీకీ అంటుకుపోయింది. విడదీస్తే ఫోటోల మీది రంగు రెండో పేజీకి వెళ్లిపోయి, ఇటు తెల్ల కాగితం మిగిలింది. నలభై మూడింటిలో ఒక్కటి కూడా బాగా లేదు.

"పనికొస్తాయా?" అని అడిగింది పంతులమ్మ.

జియాప్ తల ఊపింది. ఎటు ఊపిందో తనకే తెలియలేదు.

గురువారం ఆవిడకి చేయడానికేం మిగల్లేదు. అందుకని రెండు నెలల కిందట చేయాల్సిన పనే చేసింది. ఎవరినీ అడగలేదు. బ్యాంకాక్ సాఫ్ట్‌వేర్ మనిషికి ఫోన్ చేసి, చెవి దగ్గర పెట్టుకుని, ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుంది. చిన్న ప్రోగ్రాం తీసేసింది, కొత్త పేరుతో మళ్లీ పెట్టింది, రహస్య పదం కొట్టింది, పెట్టె జాబితాలో ఆ పేరు ఎక్కించింది. మొదటిది పలికింది. రెండోది పలకలేదు. దాని గడియారం ఒక రోజు వెనకబడి ఉంది, సరిచేస్తే పలికింది. ఆరు కంప్యూటర్లు ఆరు పచ్చ టిక్కులు వేశాయి. పావుగంటకొకటి పడింది.

"బాగా చేశారు," అన్నాడు ఫోన్లో మనిషి. "ఇప్పుడు వెతుకు అన్న బొత్తాం నొక్కండి. మీ వైర్ల మీద ఎన్ని మిషన్లున్నాయో అది చెబుతుంది. ఆరు రావాలి."

నొక్కింది. ఏడు వచ్చాయి.

ఏడోది చచ్చిన కంప్యూటర్ కాదు. ఎవరిదో ల్యాప్‌టాప్, స్వామి పెట్టని మామూలు పేరు. దాని మీద ఒక ఫోల్డర్ బార్లా తెరిచి ఉంది. లోపల పంతులమ్మ కూతురి పేరు, దాని లోపల పుస్తకం, నలభై మూడు ఫోటోలు. ఒక్కటి తెరిచింది. రెండు జడల పిల్ల, పళ్లు ఊడిన నవ్వు.

జియాప్ తలెత్తి చూసింది. చాట్ బల్ల కింద సంచిలో ల్యాప్‌టాప్ దీపం వెలుగుతోంది.

చాట్ ఇంట్లో కూర్చుని పక్క ఊరి ప్రెస్సుకి కూడా పేజీలు కట్టిపెడుతున్నాడు. ఇక్కడ చేసిన పుస్తకాలన్నీ నమూనాకని అందులో వేసుకున్నాడు. ఆ సంగతి జే లాన్‌కి తెలియకూడదని సోమవారం నోరు మూసుకున్నాడు. బయట గొడుగుల దగ్గరికి పిలిచి జియాప్ అడిగితే అంతా ఒప్పుకున్నాడు, దాచలేదు.

"బుధవారం నేను గుడికి వెళ్తున్నానని తెలుసుగా?" అంది జియాప్.

"తెలుసు."

"అప్పుడైనా చెప్పలేకపోయావా?"

"చెబుదామనుకున్నాను అక్కా. కానీ నువ్వు ఆ మొహం వేసుకుని వెళ్తుంటే..." చాట్ నవ్వు ఆపుకున్నాడు. "మా పెట్టెలో పడ్డది పోదు, మా పెట్టెలో పడ్డది పోదు... ఆరేళ్లు విన్నాం. ఒక్కసారి పోతే నువ్వేం చేస్తావో చూడాలనిపించింది."

జియాప్ తిన్నగా జే లాన్ దగ్గరికి పోయింది. జే లాన్ తమ్ముణ్ణి లోపలికి పిలిచి తలుపేసి చెడామడా తిట్టింది, చెంపదెబ్బ చప్పుడు బయటికి వినిపించింది. తలుపు తీసి బయటికొచ్చాక ఆవిడ గొంతు తేనె.

"పుస్తకం దొరికింది. అంతే కావాలి. నా తమ్ముడి పేరు ఎక్కడా రాకూడదు. శనివారం నువ్వు పూలు, అగరొత్తులు పళ్లెంలో పెట్టి పంతులమ్మ ముందు మోకరించి క్షమాపణ అడుగు. ఊరంతా చూస్తుంది. ఆవిడ పళ్లెం మీద చెయ్యి వేస్తే అయిపోయింది. నీ కుర్చీ నీది."

జియాప్ ఒప్పుకుంది. పంతులమ్మకి నిజం చెప్పడం అంటే మూత ఊరికే తీయించామని చెప్పడమే. చెప్పకుండా ఉంటే ఆ ఒక్క బాధైనా తప్పుతుంది కదా అనుకుంది. తన కుర్చీ కోసం కూడా అనుకుంది. రెంటిలో ఏది ముందు అనుకుందో ఎంత గుచ్చి అడిగినా చెప్పలేదు.

శుక్రవారమంతా అచ్చు యంత్రం తిరిగింది. శనివారం మధ్యాహ్నం దహనశాల మెట్ల దగ్గర పుస్తకాలు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. నల్లబట్టల్లో జనం వరసకట్టారు. జియాప్ పళ్లెం ఎత్తి పట్టుకుని పంతులమ్మ ముందు మోకరించింది. వెనక జే లాన్, ఆవిడ పక్కన చాట్. ప్రెస్సువాళ్లెవరో ఫోన్‌తో వీడియో తీస్తున్నారు.

పంతులమ్మ చెయ్యి పళ్లెం మీదికి రాబోయింది. రెండో చేతిలో పుస్తకం ఉంది. గాలికో, వేలికో పేజీ తిరిగింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఇందులో రంగు పోలేదే," అంది.

ఇంకో పేజీ తిప్పింది.

"నేను తీసిచ్చినవి అన్నీ పోయాయి. చూశాను. ఇవి ఎక్కడివి?"

జే లాన్ మొహం మీది నవ్వు అలాగే ఉంది. జియాప్ పళ్లెంలోని అగరొత్తుల్నే చూస్తోంది. కెమెరా తనవైపు తిరిగేసరికి చాట్ తట్టుకోలేకపోయాడు. ఒక అడుగు ముందుకేసి వినయంగా చేతులు జోడించాడు.

"నా దగ్గర ఒక కాపీ ఉందండి పంతులమ్మ గారూ. మొదట్నుంచీ ఉంది. జియాప్ అక్క ఒక్క మాట నన్నడిగి ఉంటే..."

"అడిగాను," అంది జియాప్. "నాలుగుసార్లు అడిగాను."

జే లాన్ వెనకనుంచి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. పంతులమ్మ అదీ చూసింది. చూసి మోకరించిన మనిషి వైపు వంగింది. చిన్నపిల్లకి లెక్కలో తప్పు చూపించినట్టు, నెమ్మదిగా అంది.

"అడిగావో లేదో నాకెందుకమ్మాయ్? వాడెవడో నాకు తెలియదు. నాకు చెప్పింది నువ్వు. పంపెయ్యమన్నది నువ్వు. తెరవమన్నదీ నువ్వే. నా పిల్ల ముఖం రెండు జడలతో గుర్తుండేది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఏం కనిపిస్తోందో చెప్పనా?"

చెప్పలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది. మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

పెద్దవాళ్లు తాకనిదే ఆ పళ్లెం కింద పెట్టకూడదు, పట్టుకున్న మనిషి లేవకూడదు. జనం కాగితం పూలు చేత పట్టుకుని జియాప్‌కి అటూ ఇటూ దారి చేసుకుని మెట్లెక్కారు. దిగేటప్పుడు ఆవిడ భుజం పక్కనుంచి వంగి దొంతర్లోంచి పుస్తకం తీసుకున్నారు. పొగగొట్టంలోంచి పొగ లేచింది. పళ్లెం పక్కకి ఒరిగి అగరొత్తులు రెండు జారిపోయాయి. కాటికాపరి వచ్చి, "లే తల్లీ, ఆవిడ అటు గేట్లోంచి ఇంటికెళ్లిపోయింది," అని తనే పళ్లెం తీసుకున్నాడు.

సోమవారం పొద్దున జియాప్ ప్రెస్సుకి వెళ్లింది. కుర్చీ మీద వేరే ఎవరూ కూర్చోలేదు. జే లాన్ గుమ్మంలోనే ఆపింది, కోపంగా కూడా కాదు.

"లోపలికి రాకు జియాప్. నువ్వేం అనుకోకు. చావు ఇంట తిరగ్గొట్టిన క్షమాపణ నెత్తిన పెట్టుకుని వచ్చావు. ఆ దోషం గుమ్మం దాటిందంటే స్వామి కూడా తీయలేడు. పుస్తకాలేసే చోటు ఇది."

"పెట్టె ఎవరు చూస్తారు జే? మంగళం కంప్యూటర్‌కి కొత్త డిస్క్ వేశాక, చిన్న ప్రోగ్రాం..."

"చాట్ చూస్తాడు."

జియాప్ సంచిలోంచి కాగితం తీసి, గోడకి ఆనించి, వంకరటింకర అక్షరాలతో పెట్టె రహస్య పదం, బ్యాంకాక్ మనిషి నంబరు రాసింది. గడియారం వెనకబడితే చూసుకోవాలని కూడా రాసింది. జే లాన్ ఆ కాగితాన్ని చేత్తో తీసుకోలేదు. కింద పెట్టమని వేలితో చూపించింది.